గన్‌స్మోక్ మొదటి ఎపిసోడ్ "మ్యాట్ గెట్స్ ఇట్": తరచుగా అడిగే ప్రశ్నలు

పాత అమెరికా టీవీ సీరియల్ గన్‌స్మోక్ గురించి ఎవరితో మాట్లాడినా మాట చివరికి మొదటి ఎపిసోడ్ మీదికే వస్తుంది. దాని పేరు "మ్యాట్ గెట్స్ ఇట్". హీరో మ్యాట్‌కి తూటా తగిలింది అని అర్థం. ఏం జరగబోతోందో పేరులోనే చెప్పేశారు. అయినా చూస్తుంటే గుండె ఒక్కసారి ఆగినట్టవుతుంది. నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. కథంతా చెప్పేస్తున్నాను కాబట్టి, ముందు ఎపిసోడ్ చూడాలనుకునేవాళ్ళు "కథ ఏమిటి?" నుంచి మూడు ప్రశ్నలు వదిలేసి మిగతావి చదువుకోండి.

అసలు గన్‌స్మోక్ అంటే ఏమిటి?

అమెరికాలో సీబీఎస్ ఛానెల్లో 1955 నుంచి 1975 దాకా నడిచిన కౌబాయ్ సీరియల్. 20 సీజన్లు, 635 ఎపిసోడ్లు. టెక్సస్ నుంచి పశువుల మందల్ని వందల మైళ్ళు తోలుకొచ్చి రైలెక్కించే రోజుల్లో, అంటే 1870ల్లో, కాన్సస్ రాష్ట్రంలోని డాడ్జ్ సిటీలో జరిగే కథలు ఇవి. ముఖ్యమైన మనుషులు నలుగురే. శాంతిభద్రతలు చూసే మార్షల్ మ్యాట్ డిలన్, అతనికి సాయంగా ఉండే చెస్టర్, అందరూ డాక్ అని పిలిచే డాక్టర్ ఆడమ్స్, సెలూన్‌లో పనిచేసే కిట్టీ. సెలూన్ అనగానే మనకు క్షవరం చేసే కొట్టు గుర్తొస్తుంది. అక్కడ సెలూన్ అంటే మందు, పేకాట, పాట, గొడవ అన్నీ ఒక్కచోటే దొరికే దుకాణం.

మొదటి ఎపిసోడ్ ఎప్పుడు వచ్చింది? ఎంతసేపు ఉంటుంది?

1955 సెప్టెంబరు 10, శనివారం రాత్రి. బ్లాక్ అండ్ వైట్. ప్రకటనలతో కలిపి అరగంట స్లాటు, ప్రకటనలు తీసేస్తే అరగంట కూడా ఉండదు. మొదటి ఆరు సీజన్లూ అరగంటవే. 1961 నుంచి గంట ఎపిసోడ్లు, 1966 నుంచి కలర్. కథ జాన్ మెస్టన్‌ది. స్క్రిప్టు, దర్శకత్వం చార్లెస్ మార్క్విస్ వారెన్‌వి. ఈ వారెన్ పేరు గుర్తుపెట్టుకోండి, మన తెలుగు సినిమా దగ్గర మళ్ళీ వస్తుంది.

మొదట్లో కనిపించేది జాన్ వేన్ కదా? ఆయన ఎందుకున్నారు?

అవును, ఆయనే. కథ మొదలవడానికి ముందు హాలీవుడ్ పెద్ద హీరో జాన్ వేన్ కౌబాయ్ వేషంలోనే వచ్చి నేరుగా మనతో మాట్లాడతాడు. తన పేరు వేన్ అని, మీలో కొందరు తనను ఇంతకుముందు చూసే ఉంటారని, చూసి ఉంటే సంతోషమని చాలా మామూలుగా మొదలుపెడతాడు. అప్పటికి ఆయన్ని తెలియని అమెరికన్ లేడు. ఈ సీరియల్లో తాను లేనని, ఉంటే బాగుండేదని, ఇది నిజాయితీగా, పెద్దవాళ్ళ కోసం, వాస్తవానికి దగ్గరగా తీసిన వెస్టర్న్, అంటే కౌబాయ్ కథ, అని చెబుతాడు. తర్వాత జేమ్స్ ఆర్నెస్ అనే కుర్రాడిని పరిచయం చేసి, ఇతను పెద్ద స్టార్ అవుతాడు, నాకు అలవాటు పడ్డట్టే ఇతనికీ అలవాటు పడండి అని వెళ్ళిపోతాడు.

నాకు ఆ ఒక్క నిమిషం చాలా ఇష్టం. ఒక పెద్ద నటుడు కొత్తవాడి భుజం మీద చెయ్యి వేసి జనంలోకి తీసుకొచ్చి వదిలినట్టుంటుంది. కొత్త హీరో మొదటి సినిమా ఫంక్షన్‌కి పెద్ద హీరో వచ్చి నాలుగు మంచిమాటలు చెప్పడం మనకు బాగా తెలిసినదే. తేడా ఏమిటంటే వేన్ చెప్పింది అక్షరాలా జరిగింది. ఆర్నెస్ ఆ ఒక్క పాత్రలో ఇరవై ఏళ్ళు ఉన్నాడు.

మ్యాట్ పాత్రకి ముందు వేన్‌నే అడిగారంటారు, నిజమా?

ఈ మాట చాలాచోట్ల వింటాం. కాదని ఖండించినవాళ్ళూ ఉన్నారు. అప్పట్లో వేన్ సినిమాల్లో శిఖరం మీద ఉన్నాడు, వారం వారం టీవీలో నటించాల్సిన అవసరం ఆయనకు లేదు. ఖాయంగా తెలిసింది ఇది: ఆర్నెస్ అప్పుడు వేన్ సొంత కంపెనీ కాంట్రాక్టులో ఉన్నాడు, ఆయనతో కలిసి సినిమాల్లో నటించాడు. టీవీకి వెళితే సినిమా అవకాశాలు పోతాయేమోనని ఆర్నెస్ వెనకాడితే, వెళ్ళమని ధైర్యం చెప్పింది వేనే.

జేమ్స్ ఆర్నెస్ ఎవరు?

1923లో మినియాపొలిస్‌లో పుట్టాడు. ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు. తలుపుల్లోంచి వంగి రావాల్సిన మనిషి. నటుడు పీటర్ గ్రేవ్స్ ఇతని సొంత తమ్ముడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఇటలీలోని ఆన్జియో దగ్గర మెషిన్ గన్ తూటాలు కుడి కాలికి తగిలాయి. నెలల తరబడి ఆస్పత్రుల్లో ఉన్నాడు. ఆ కాలు నొప్పి జీవితాంతం పోలేదు. ఎక్కువసేపు గుర్రం మీద ఉంటే బాధ ఎక్కువయ్యేది.

ఇది తెలిశాక మొదటి ఎపిసోడ్ మళ్ళీ చూస్తే మంచం మీద పడుకున్న మ్యాట్ వేరేగా కనిపిస్తాడు. తూటా దిగితే ఒంటికి ఏమవుతుందో, మళ్ళీ లేచి నిలబడటానికి ఎన్నాళ్ళు పడుతుందో ఆ నటుడికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

కథ ఏమిటి?

మ్యాట్ ఊరి బయట బూట్ హిల్ అనే శ్మశానంలో సమాధుల మధ్య నిలబడి తనలో తాను మాట్లాడుకుంటూ ఉండగా కథలోకి వెళతాం. తొలి సీజన్లలో చాలా ఎపిసోడ్లు ఇలాగే మొదలవుతాయి.

డాన్ గ్రాట్ అనే తుపాకి మనిషి డాడ్జ్ సిటీకి వస్తాడు. పాల్ రిచర్డ్స్ నటించాడు. అరుపుల్లేవు, మెత్తగా మాట్లాడతాడు, అందుకే ఇంకా భయమేస్తుంది. టెక్సస్‌లోని అమరిల్లోలో ఇతను చేతిలో ఆయుధం లేని మనిషిని చంపాడు. అతన్ని పట్టుకోవడానికి జిమ్ హిల్ అనే షెరీఫ్, అంటే అక్కడి శాంతిభద్రతల అధికారి, అక్కణ్ణించి వస్తాడు. గ్రాట్ ఆ షెరీఫ్‌ని కాల్చి చంపేస్తాడు. ఇక అరెస్టు చేయాల్సింది మ్యాట్. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు. మ్యాట్ చెయ్యి తుపాకి మీదికి పోయేలోపే గ్రాట్ తుపాకి పేలుతుంది. మ్యాట్ కుప్పకూలిపోతాడు.

తర్వాత చాలాసేపు మన హీరో మంచం మీదే. డాక్ అతన్ని బతికిస్తాడు. బయట గ్రాట్ ధీమాగా తిరుగుతుంటాడు. మ్యాట్‌కి కదలడానికి లేదు, ఉన్నదల్లా ఆలోచన ఒక్కటే. జరిగినదాన్ని మనసులో మళ్ళీ మళ్ళీ వేసుకుని చూస్తాడు. అప్పుడు ఒక విషయం తట్టుతుంది. గ్రాట్ ఎప్పుడూ దగ్గరికి వచ్చే కాలుస్తాడు. చెయ్యి మెరుపే, కానీ గురి లేదు. గురి లేకే అంత దగ్గరికి వస్తాడు.

లేచి నిలబడగలిగాక మ్యాట్ మళ్ళీ అతని ఎదుటికి వెళతాడు. ఈసారి మధ్యలో దూరం ఉంచుతాడు. గ్రాట్ ముందుకు రావాలని చూస్తాడు, మ్యాట్ ఆ అవకాశం ఇవ్వడు. ఈసారి కూడా ముందు తుపాకి తీసింది గ్రాటే. కానీ తూటా గురి తప్పుతుంది. మ్యాట్ తొందర పడకుండా గురి చూసి కాలుస్తాడు.

హీరో మొదటి ఎపిసోడ్‌లోనే పడిపోవడం ఏమిటి?

నేను మొదటిసారి చూసినప్పుడు పక్కన మా నాన్న ఉన్నారు. కృష్ణ గారి కౌబాయ్ సినిమాలు థియేటర్లో చూసిన మనిషి. మ్యాట్ పడిపోగానే "అదేంట్రా, అప్పుడే పడిపోయాడు!" అని కుర్చీలోంచి ముందుకు వంగారు. ఆపై ఎపిసోడ్ అయిపోయేదాకా వెనక్కి వాలలేదు.

ఆ పడిపోవడమే ఈ ఎపిసోడ్‌కి ప్రాణం అని నా నమ్మకం. మామూలుగా కొత్త హీరోని పరిచయం చేయాలంటే నలుగురిని కొట్టించి, దుమ్ము లేపించి, ఇతనికి తిరుగు లేదని ముందే చూపిస్తారు. ఇక్కడ మొదటి అరగంటలోనే తెలిసింది ఏమిటంటే, మ్యాట్ డిలన్ కంటే వేగంగా తుపాకి తీసేవాళ్ళు ఉన్నారు, తూటా తగిలితే అతనికీ నెత్తురు వస్తుంది, చావు అంచుదాకా వెళ్ళి రాగలడు. ఆ భయం ఒకసారి మన మనసులో పడ్డాక, తర్వాత ఇరవై ఏళ్ళు మ్యాట్ వీధిలోకి నడిచిన ప్రతిసారీ టెన్షన్ ఉంటుంది.

ఇంకోటి, రెండోసారి వెళ్ళినప్పుడు మ్యాట్ వేగం ఏమీ పెరగదు. రహస్యంగా సాధన చేసి ఆరితేరినట్టు ఒక్క సీన్ కూడా లేదు. అదే చెయ్యి, అదే తుపాకి, పైగా నీరసంగా ఉన్న ఒళ్ళు. మారింది నిలబడిన చోటు మాత్రమే. నాలుగు అడుగుల లెక్కతో గెలిచిన పోరాటం ఇది. ఈ ఎపిసోడ్‌ని నేను పదేపదే అందరికీ చూపించడానికి కారణం ఆ నాలుగు అడుగులే.

వేగంగా తుపాకి తీసేవాడికి గురి ఉండదా? ఇది నిజమేనా, కథ కోసం అల్లిందా?

నిజానికి దగ్గరగానే ఉంది. 1873లో వచ్చిన కోల్ట్ రివాల్వర్ లాంటివి కాల్చే ప్రతిసారీ తుపాకి వెనకవైపున్న సుత్తిని ముందుగా బొటనవేలితో లాగి ఎక్కుపెట్టాలి. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే సుత్తి పడి తూటా పేలుతుంది. ఒర నుంచి తీస్తూనే సుత్తి లాగి, నడుము దగ్గర్నుంచే కాలిస్తే చాలా వేగంగా పేల్చవచ్చు. కానీ చెయ్యి చాపలేదు, కంటితో గొట్టం వెంట చూడలేదు. పది పన్నెండు అడుగుల్లో ఉన్న మనిషికి తగులుతుందేమో, ముప్పై అడుగులు దాటితే అదృష్టమే. చెయ్యి చాచి, ఊపిరి బిగబట్టి కాల్చేవాడికి ఒక క్షణం ఆలస్యం అవుతుంది, కానీ తూటా అనుకున్న చోటికి పోతుంది.

డాడ్జ్ సిటీ అసలు చరిత్రలోనే దీనికి సాక్ష్యం లాంటి సంఘటన ఉంది. 1878 ఏప్రిల్ 9 రాత్రి ఆ ఊరి మార్షల్ ఎడ్ మాస్టర్‌సన్ తాగిన కౌబాయ్ దగ్గర్నుంచి పిస్తోలు తీసుకోబోతే పెనుగులాటలో ఆ పిస్తోలు పేలింది. గొట్టం అతని పొట్టకు ఆనించినంత దగ్గర. తూటా మందు మంటకి అతని బట్టలు అంటుకున్నాయి. ఆ మంటలతోనే వీధి దాటి నడిచి పడిపోయాడు, ఆ రాత్రే చనిపోయాడు. నిజం డాడ్జ్ సిటీలో చావు అంత దగ్గర నుంచి వచ్చింది. మధ్యాహ్నం ఎండలో ఖాళీ వీధికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడి తుపాకులు తీసే దృశ్యం ఎక్కువగా కథల్లోదే.

సీరియల్ పేరు కూడా ఈ సంగతులకు చుట్టమే. పాతకాలపు తుపాకి మందు పేలితే దట్టమైన తెల్లటి పొగ లేచి ఎదుటి మనిషి కనబడడు. గన్‌స్మోక్ అంటే ఆ పొగే.

ప్రతి ఎపిసోడ్ మొదట్లో వచ్చే తుపాకి పోరులో ఎదుటి మనిషి గ్రాటేనా?

కాదు. టైటిల్స్‌లో వీధిలో మ్యాట్‌కి ఎదురుగా నిలబడేది ఆర్వో ఓజాలా. హాలీవుడ్ నటులకు తుపాకి తీయడం నేర్పిన గురువు.

పెద్దవాళ్ళ వెస్టర్న్ అంటారు. ఎందుకు?

అంతకుముందు అమెరికా టీవీలో కౌబాయ్ అంటే పిల్లల కార్యక్రమం. తెల్ల గుర్రం, మెరిసే బట్టలు, దొంగ చేతిలోని తుపాకి మాత్రమే ఎగిరిపడేలా కాల్చే హీరో. ఎవరికీ నెత్తురు రాదు. పిల్లలు సాయంత్రం చూసి పడుకునేవాళ్ళు.

గన్‌స్మోక్‌లో చావుకు బరువుంది. చనిపోయినవాడికి సమాధి ఉంటుంది, ఆ సమాధుల మధ్య నిలబడి మార్షల్ బాధపడతాడు. ఏబీసీ అనే మరో ఛానెల్లో ఇలాంటిదే వయట్ ఎర్ప్ సీరియల్ నాలుగు రోజుల ముందే, సెప్టెంబరు 6న, మొదలైంది కాబట్టి గన్‌స్మోక్ ఒక్కటే మొదటిది అనడం సరికాదు. కానీ దారి వేసింది గన్‌స్మోకే. 1957 నుంచి 1961 దాకా వరుసగా నాలుగు సీజన్లు అమెరికాలో ఎక్కువమంది చూసిన కార్యక్రమం ఇదే. 1958-59 సీజన్‌కి వచ్చేసరికి టాప్ 10లో ఏడు వెస్టర్న్‌లే.

రేడియోలో ముందే వచ్చిందంటారు?

అవును. 1952 ఏప్రిల్ 26న సీబీఎస్ రేడియోలో మొదలైంది. నార్మన్ మెక్‌డానెల్, జాన్ మెస్టన్ కలిసి సృష్టించారు. మ్యాట్ గొంతు విలియం కాన్రాడ్‌ది. గుహలోంచి వస్తున్నట్టు లోతుగా ఉంటుంది. చెస్టర్‌గా పార్లీ బేర్, డాక్‌గా హోవర్డ్ మెక్‌నియర్, కిట్టీగా జార్జియా ఎల్లిస్. టీవీకి మారేటప్పుడు ఈ నలుగురిలో ఒక్కరినీ తీసుకోలేదు. కాన్రాడ్‌ది భారీ శరీరం, తెర మీద మార్షల్‌లా ఉండడని పక్కన పెట్టారు. మూడేళ్ళు గొంతుతో ఒక మనిషిని ప్రాణం పోసి నిలబెట్టిన నటుడికి అది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా రేడియోలో 1961 దాకా ఆయనే మ్యాట్. తర్వాత ఇదే టీవీ సీరియల్లో ఎపిసోడ్లకు దర్శకత్వం వహించాడు, డెబ్భైల్లో సొంత సీరియల్లో హీరో కూడా అయ్యాడు.

మెస్టన్ రేడియోకి రాసిన కథలు చాలావరకు టీవీకి పనికొచ్చాయి. మొదటి ఎపిసోడ్‌లో మ్యాట్ తనలో తాను మాట్లాడుకోవడం కూడా రేడియో అలవాటే. అక్కడ ప్రతిదీ మాటలోనే చెప్పాలి కదా.

చెస్టర్ కుంటుతాడు. కథలో కారణం చెప్పారా?

చెప్పలేదు. డెన్నిస్ వీవర్ ఆ పాత్రకి తెచ్చిన లక్షణం అది. మార్షల్ పక్కన ఉండే మనిషి తుపాకి పట్టుకుని ఎందుకు దూకడు అనే ప్రశ్నకు అదే జవాబు. నిజానికి వీవర్ మంచి అథ్లెట్. ఏళ్ళ తరబడి కాలు వంచకుండా నడవడం, మెట్లెక్కడం, గుర్రం ఎక్కడం, కిందపడటం అన్నీ చేశాడు. ఈ పాత్రకే 1959లో ఎమ్మీ అవార్డు వచ్చింది. 1964లో సీరియల్ వదిలాడు. తర్వాత ఆ చోటు కెన్ కర్టిస్ నటించిన ఫెస్టస్‌ది.

కిట్టీ, డాక్ మొదటి ఎపిసోడ్‌లోనే ఉన్నారా?

ఉన్నారు. అమాండా బ్లేక్, మిల్‌బర్న్ స్టోన్. మొదట్లో కిట్టీ సెలూన్‌లో పనిచేసే అమ్మాయి మాత్రమే, తర్వాత లాంగ్ బ్రాంచ్ సెలూన్‌కి యజమానురాలైంది. అమాండా బ్లేక్ 19 సీజన్లు చేసింది. స్టోన్ దాదాపు చివరిదాకా ఉన్నాడు. మ్యాట్‌కీ కిట్టీకీ మధ్య ఉన్నది ప్రేమే అని చూసేవాళ్ళందరికీ తెలుసు, సీరియల్ మాత్రం నోరు విప్పి చెప్పదు. మొదటి ఎపిసోడ్‌లోనే ఆమె చూపుల్లో అది పట్టుకోవచ్చు.

డాడ్జ్ సిటీ నిజంగా ఉందా? అక్కడ రోజూ కాల్పులేనా?

ఊరు నిజం. 1872లో రైలుతో పాటే పుట్టింది. మొదట అడవి దున్నల తోళ్ళ వ్యాపారం, తర్వాత టెక్సస్ పశువులు. 1885లో టెక్సస్ పశువులు రాకుండా కాన్సస్ చట్టం చేయడంతో ఆ సందడి ముగిసింది.

రోజూ కాల్పులు మాత్రం అబద్ధం. 1870 నుంచి 1885 దాకా కాన్సస్‌లోని అయిదు పశువుల పట్నాల్లో కలిపి చరిత్రకారులు లెక్క తేల్చిన హత్యలు 45. గన్‌స్మోక్‌లో కొన్ని నెలల్లోనే అంతమంది చనిపోతారు. అసలు డాడ్జ్‌లో రైలు పట్టాలకు ఉత్తరం వైపు తుపాకి పట్టుకుని తిరగడమే నిషేధం. ఊళ్ళోకి వచ్చిన కౌబాయ్ తుపాకి అప్పగించి వెళ్ళాలి. ఆ హెచ్చరిక బోర్డు ఉన్న పాత ఫోటో ఇప్పటికీ ఉంది.

బూట్ హిల్ కూడా నిజమే. బూట్లు వేసుకునే చనిపోయినవాళ్ళని, అంటే మంచం మీద కాకుండా వీధిలో పోయినవాళ్ళని, పాతిపెట్టిన గుట్ట. సమాధులను 1870ల చివర్లోనే అక్కణ్ణించి తరలించారు. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది. అమెరికాలో ఉంటున్న మన వాళ్ళెవరైనా కాన్సస్ మీదుగా కారులో వెళితే ఒక పూట ఆగి చూడొచ్చు.

షెరీఫ్ ఒకరు, మార్షల్ ఒకరు. తేడా ఏమిటి?

మొదటి ఎపిసోడ్ అర్థం కావాలంటే ఇది తెలియాలి. షెరీఫ్ అంటే ఒక కౌంటీకి, మన జిల్లా లాంటిదానికి, జనం ఓటేసి ఎన్నుకున్న అధికారి. ఆ కౌంటీ దాటితే అతనికి అధికారం లేదు. అందుకే టెక్సస్ షెరీఫ్ జిమ్ హిల్, కాన్సస్‌లో దోషి కళ్ళ ముందే తిరుగుతున్నా, మ్యాట్ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

టౌన్ మార్షల్‌ని ఊరి కౌన్సిల్ జీతానికి పెట్టుకుంటుంది. మ్యాట్ డిలన్ ఈ రెండూ కాదు, అమెరికా కేంద్ర ప్రభుత్వ మార్షల్. నిజంగా అయితే అలాంటి మార్షల్ కాన్సస్ రాష్ట్రం మొత్తానికి ఒక్కడే ఉండేవాడు, ఒక్క ఊరి వీధిలో రోజూ గస్తీ తిరిగేవాడు కాదు. మూడు ఉద్యోగాలు కలిపి ఒక్క మనిషి మీద పెట్టారు.

ఈ ఎపిసోడ్‌లో చరిత్ర తప్పులు ఉన్నాయా?

ఒకటి స్పష్టంగా ఉంది. అమరిల్లో పట్నం పుట్టిందే 1887లో. డాడ్జ్‌లో పశువుల రోజులు అప్పటికే అయిపోయాయి. 1870ల కథలో అమరిల్లో నుంచి షెరీఫ్ రావడం కుదరదు. కథకి మాత్రం ఏ లోటూ రాలేదు.

మన తెలుగు కౌబాయ్ సినిమాలకు దీనితో ఏమైనా సంబంధం ఉందా?

నేరుగా లేదు. కానీ ఒక దారం ఉంది, ఆ దారం పట్టుకుని వెళితే నాకు ఎంతో ఆనందంగా ఉంటుంది.

మొదటి ఎపిసోడ్‌ని తీసిన చార్లెస్ మార్క్విస్ వారెన్ తర్వాత గన్‌స్మోక్ వదిలి, 1959లో రాహైడ్ అనే మరో వెస్టర్న్ సీరియల్‌ని మొదలుపెట్టాడు. అది పశువుల మందల్ని తోలే మనుషుల కథ. అందులో పేరు తెచ్చుకున్న కుర్రాడు క్లింట్ ఈస్ట్‌వుడ్. ఆ సీరియల్లో ఉండగానే 1964లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే అతన్ని తన సినిమాకి తీసుకున్నాడు. గడ్డం, పొగాకు చుట్ట, భుజం మీద కంబళి, ఒక్క మాట మాట్లాడకుండా చంపే మనిషి. ఆ ఇటలీ వెస్టర్న్‌లు, హాలీవుడ్ నిధుల వేట సినిమాలు మద్రాసు థియేటర్లలో ఆడాయి. వాటి ఊపులోనే 1971లో కృష్ణ గారు, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, రచయిత ఆరుద్ర కలిసి "మోసగాళ్లకు మోసగాడు" తీశారు.

అయితే రుచి వేరు. మన కౌబాయ్ ఇటలీ కౌబాయ్‌కి బంధువు. అతను తిరుగుబోతు, నిధి కోసం వేట, అందరినీ మించిన వేగం. మ్యాట్ డిలన్ ఉద్యోగస్తుడు. పొద్దున్నే లేచి అదే వీధిలో నడవాలి, సాయంత్రం అదే జనంతో కూర్చోవాలి, రేపు మళ్ళీ ఎవడో గ్రాట్ వస్తాడు.

సీరియల్ ఎలా ముగిసింది?

ముగింపు అంటూ లేదు. 1967లో ఒకసారి ఆపేయాలనుకున్నారు. సీబీఎస్ పెద్ద విలియం పేలీ వద్దనడంతో శనివారం నుంచి సోమవారానికి మార్చి కొనసాగించారు. మళ్ళీ జనం ఎగబడి చూశారు. 1975లో మాత్రం చెప్పాపెట్టకుండా ఆపేశారు. వీడ్కోలు ఎపిసోడ్ తీసే అవకాశం కూడా నటులకు దక్కలేదు. మార్చి 31న వచ్చిన చివరి ఎపిసోడ్ మామూలు కథే. తర్వాత 1987 నుంచి 1994 దాకా ఆర్నెస్‌తోనే అయిదు టీవీ సినిమాలు వచ్చాయి. ఆర్నెస్ 2011లో చనిపోయాడు.

ఇంగ్లీషులో "గెట్ అవుటాఫ్ డాడ్జ్" అంటారు. అది ఇక్కడిదేనా?

ఈ డాడ్జ్‌దే. ఇక్కణ్ణించి వెంటనే జారుకో అని అర్థం. ఊరు వదిలిపొమ్మని మార్షల్ దుండగులకు చెప్పడం నుంచి వచ్చిందని, ఈ సీరియల్ వల్లే జనం నోళ్ళలో పడిందని చెబుతారు.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

పదేళ్ళు దాటిన పిల్లలతో చూడొచ్చు. నెత్తురు దాదాపు కనిపించదు, బూతు లేదు. కానీ మ్యాట్ పడిపోయినప్పుడు చిన్నపిల్లలు బెదిరిపోతారు. పక్కనే కూర్చోండి.

ఒక్క ఈ ఎపిసోడ్ చూసి ఆపేయొచ్చా? తర్వాత ఏం చూడాలి?

ఆపేయొచ్చు. ప్రతి ఎపిసోడూ విడి కథే, ముందుది చూడకపోతే వెనకది అర్థం కాదన్న బాధ లేదు. మొదటి సీజన్ డీవీడీల్లో ఈ ఎపిసోడ్ ఉంది. నన్నడిగితే అరగంట ఎపిసోడ్లు ముందు చూడండి, అవే గట్టివి. గంట ఎపిసోడ్లలో మంచివి చాలా ఉన్నా కథ కొంచెం సాగుతుంది.

చూశాక ఒకరోజు రాత్రి లైట్లన్నీ ఆపి, రేడియో గన్‌స్మోక్ ఒక ఎపిసోడ్ వినండి. పాత రికార్డింగులు ఇంటర్నెట్లో వందల కొద్దీ ఉన్నాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చెక్క మెట్ల మీద బూట్ల చప్పుడు, దూరంగా కుక్క అరుపు, తలుపు కిర్రుమనడం, ఆపైన కాన్రాడ్ గొంతు.